సంక్రాంతి డెకర్ వాలంటీర్ల థ్రెడ్ (మెల్‌బోర్న్ వెస్ట్): ఈసారి కొనేవి తక్కువ, చేసేవి ఎక్కువ

డెకర్ లీడ్:
అందరికీ నమస్తే అండి. పార్క్ బుకింగ్ కన్ఫర్మ్ అయ్యింది, రొటండా (పార్కులో స్తంభాల మీద కప్పున్న మండపం) కూడా మనకే ఇచ్చారు, ఇంక డెకర్ మొదలెడదాం. గ్రూప్‌లో ఇప్పటికే బోలెడు పింటరెస్ట్ ఫొటోలు వచ్చాయి, అన్నీ బావున్నాయి, కానీ చాలావరకు ఏసీ హాల్లో తీసినవి. ఇండియాలో సంక్రాంతి అంటే పొద్దున్నే మంచు, దుప్పటి కప్పుకుని ముగ్గేసే అమ్మమ్మలు. మనకి జనవరి అంటే నడి వేసవి, నలభై డిగ్రీలు వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు, మధ్యాహ్నం దాకా నార్త్ విండ్ మొహం మీద హెయిర్ డ్రయర్ పెట్టినట్టు కొడుతుంది, తర్వాత కూల్ చేంజ్ వచ్చిందంటే గాలి మొత్తం తిరిగిపోయి కాసేపట్లోనే స్వెటర్ వెతుక్కోవాలి. కాబట్టి మనం చేసే ప్రతిదీ ఎండకి కరక్కూడదు, గాలికి ఎగరకూడదు, వచ్చే ఏడాది మళ్ళీ వాడుకునేలా ఉండాలి. ఈ మూడూ లేనిది ఎంత అందంగా ఉన్నా నేను ఒప్పుకోను, ముందే చెప్తున్నా.

అన్నిటికంటే ముఖ్యంగా గ్లూ గన్‌తో అతికించినవి వద్దు. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో పెడితే ఆ జిగురు మెత్తబడి పూలు అటు ఆకులు ఇటు అయిపోతాయి. కుట్టండి, దారంతో కట్టండి, పిన్నీసు పెట్టండి, అంతే.

పాయింట్ కుక్ వాలంటీర్:
అక్కా ఎంట్రన్స్ దగ్గర బెలూన్ ఆర్చ్ అనుకున్నాం కదా, మా అమ్మాయి బర్త్‌డేకి కొన్న పంపు కూడా ఉంది ఇంట్లో

డెకర్ లీడ్:
బెలూన్లు వద్దమ్మా. ఎండకి ఒక్కోటీ టప్ టప్ మని పేలుతుంటే పిల్లలు జడుసుకుంటారు, అదీ కాక విక్టోరియాలో 2021 జూలై నుంచి బెలూన్లు బయట గాల్లోకి వదలడం చట్టరీత్యా నేరం, గాలికి ఆర్చ్ తెగి పోతే ఎవరు పరిగెడతారు? దానికి బదులు ఎంట్రన్స్‌కి రెండు పక్కలా చెరకు గడలు పెట్టి పైన కలిపి కట్టేద్దాం, ఫుట్‌స్క్రే, సన్‌షైన్ వైపు వియత్నమీస్ షాపుల్లో చెరకు దొరుకుతుంది, ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. మధ్యలో బంతిపూల దండలు వేలాడితే అంతకన్నా పండగ కళ ఏముంటుంది.

టార్నీట్ వాలంటీర్:
బంతిపూలు నిజంవా పేపర్‌వా? మా బ్యాక్‌యార్డ్‌లో అక్టోబర్‌లో నాటినవి ఇప్పుడు విరగబూస్తున్నాయి కానీ అన్నిటికీ సరిపోవు

డెకర్ లీడ్:
నిజం పూలు బొమ్మల కొలువుకీ భోగిపళ్ళ పళ్ళేలకీ ఉంచుదాం. దండలకి ఊలు పూలు చేద్దాం. క్రేప్ పేపర్‌వి చూడ్డానికి బావుంటాయి కానీ రెండు చినుకులు పడ్డాయంటే రంగు కారి ఎవరి పట్టుచీర మీద పడుతుందో తెలీదు. ఊలు పువ్వు చాలా తేలిక, నాలుగు వేళ్ళకి ఊలు ఒత్తుగా ఒక డెబ్బై ఎనభై చుట్లు చుట్టి, జాగ్రత్తగా వేళ్ళ నించి తీసి, నడుముకి అదే రంగు దారంతో గట్టిగా ముడేసి, రెండు పక్కలా ఉన్న మడతలు కత్తిరించి గుండ్రంగా ట్రిమ్ చేస్తే ముద్దబంతి వచ్చేస్తుంది. ముడి దగ్గర మాత్రం బలం పెట్టాలి, వదులుగా వేస్తే దండ గుచ్చేటప్పుడు పువ్వంతా ఊడి చేతిలోకొస్తుంది. పసుపు, నారింజ, ఒక్క ముదురు ఎరుపు, ఈ మూడు రంగులు చాలు. సీరియల్ చూస్తూ చేసుకోవచ్చు. ఇండియా నించి వచ్చిన అమ్మానాన్నలకి ఇస్తే వాళ్ళకీ కాలక్షేపం, మనకన్నా నీట్‌గా చేస్తారు.

క్రెగీబర్న్ వాలంటీర్:
మా అత్తయ్య వాళ్ళు వచ్చే వారం విజయవాడ నుంచి వస్తున్నారు, మావిడాకులు, పిడకలు, రేగిపళ్ళు తెమ్మని చెప్పనా? సూట్‌కేస్‌లో ప్లేస్ ఉందంట

డెకర్ లీడ్:
వద్దు వద్దు వద్దు. పచ్చి ఆకులు, పూలు, పళ్ళు, పేడ ఏదీ ఎయిర్‌పోర్ట్ బయోసెక్యూరిటీ (మొక్కలు, పురుగుల తనిఖీ) దాటి రాదు, పాపం పెద్దవాళ్ళని ఆ క్యూలో నిలబెట్టి ప్రశ్నలు వేయించడం ఎందుకు. తేవాలనుంటే కొండపల్లి బొమ్మలు తెమ్మనండి, విజయవాడ పక్కనే కదా. ఎడ్లబండి, గంగిరెద్దు, హరిదాసు సెట్ దొరికితే కొలువుకి ప్రాణం వస్తుంది. కాకపోతే అవి చెక్కవి కాబట్టి ప్యాసింజర్ కార్డులో తప్పకుండా డిక్లేర్ చేయమనండి, వాళ్ళు చూసి పురుగూ గిరుగూ లేకపోతే ఇచ్చేస్తారు. డిక్లేర్ చేయకుండా దొరికితే మాత్రం ఫైన్ గట్టిగా ఉంటుంది.

రేగిపళ్ళకి ఏషియన్ గ్రోసరీలో ఎండు జుజుబీలు దొరుకుతాయి, కొంచెం నానబెడితే చాలు, భోగిపళ్ళలోకి అవే.

మెల్టన్ వాలంటీర్:
మరి తోరణాలకి మావిడాకులు ఎలా అండీ, ఇక్కడ మామిడి చెట్టున్న వాళ్ళు ఎవరైనా ఉన్నారా

టార్నీట్ వాలంటీర్:
మా కుండీలో ఒకటుంది, నాలుగేళ్ళయింది, మొత్తం పదిహేను ఆకులు 😂

డెకర్ లీడ్:
దాన్ని బతకనివ్వండి పాపం. దేవుడి పటానికి ఒక్క అయిదాకులు ఇచ్చారంటే చాలు. మిగతా తోరణాలకి మాగ్నోలియా ఆకులు వాడదాం, పెద్దవి, దళసరిగా నిగనిగలాడుతూ ఉంటాయి, దూరం నించి ఎవరూ కనిపెట్టలేరు, ఒక రోజంతా ఎండలో ఉన్నా పెద్దగా వాడిపోవు. చెట్టు ఎవరిదో వాళ్ళని అడిగి కోయండి, నేచర్ స్ట్రిప్ (ఇంటి ముందు రోడ్డు పక్క గడ్డి) మీద ఉన్నవి కౌన్సిల్‌వి, వాటి జోలికెళ్ళకండి.

ఇక్కడ ఒక్క విషయం అందరూ జాగ్రత్తగా చదవండి. ఈ ఊళ్ళో ఫెన్సుల పక్కన చాలా చోట్ల గన్నేరు చెట్లుంటాయి, ఆకులు సన్నగా పొడుగ్గా ఉంటాయి కదా అని కొందరు కోసేస్తారు. గన్నేరు ఆకు, పువ్వు, కాండం అంతా విషమే, మన దగ్గర భోజనాలు ఉంటాయి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. తెలీని ఆకు అసలు తేకండి, డౌటుంటే ఇక్కడ ఫొటో పెట్టండి.

ట్రెజరర్:
బడ్జెట్ ఎంత అవుతుందో ఒక ముక్క చెప్తే బావుంటుంది, క్యాటరింగ్‌కే సగం పోయింది. పోయిన సంవత్సరం కొన్న ఫ్లెక్స్ బ్యాక్‌డ్రాప్ నా గరాజ్‌లోనే ఉంది, దాని మీద సంవత్సరం ప్రింట్ చేయించేశారు కాబట్టి ఇప్పుడు ఎందుకూ పనికిరాదు

డెకర్ లీడ్:
అందుకే ఈసారి ఏ వస్తువు మీదా సంవత్సరం వేయొద్దు అంటున్నా. బ్యాక్‌డ్రాప్‌కి డబ్బులక్కర్లేదు గారూ, పాత చీరలు చాలు. అంచు బావున్న చీరలు ఐదారు తీసుకుని నిలువుగా పక్కపక్కన పైన రాడ్‌కి కుచ్చిళ్ళలా వేసి, కిందంచు మడిచి గొట్టంలా కుట్టి అందులో ఒక పైపు దూర్చాలి, ఆ బరువుకి గాలొచ్చినా తెరచాపలా లేవదు. కాటన్‌వి, నేతవి అయితే ఫొటోల్లో రంగు బాగా తేలుతుంది, మెరిసే సింథటిక్ చీరలు ఎండలో ఫ్లాష్ కొట్టి మొహాలు కనపడవు. చిరిగిన చీరలు, బ్లౌజు ముక్కలు పారేయకుండా నాకివ్వండి, వాటితో జెండాల్లాగా తోరణాలు కుడదాం, అడుగు పొడుగు త్రికోణాలు జిగ్‌జాగ్ కత్తెరతో కోస్తే అంచు కుట్టే పని కూడా ఉండదు, పైన టేప్ మడిచి ఒక్క కుట్టు వేసుకుంటూ పోవడమే. మిషన్ ఉన్నవాళ్ళు చేతులెత్తండి. వీటిని మాత్రం రొటండా స్తంభాలకి కట్టుకోవాలి, చెట్లకి మేకులు, స్టేపుల్స్ కొట్టకూడదు.

ముఖ్యంగా కొనాల్సింది ఊలు, నల్ల పెయింటు, చెక్కలు. వంద డాలర్లు దాటనివ్వను.

కిడ్స్ కార్నర్:
అక్కా చెక్కలెందుకు? ముగ్గులకా? పార్క్ కాంక్రీట్ మీదే వేసేద్దాం అనుకున్నా నేను

డెకర్ లీడ్:
ముగ్గులకే. కాంక్రీట్ మీద రంగులు వేస్తే సాయంత్రం కడిగేవాళ్ళెవరు, పైగా గాలికి అరగంటలో అమెరికా మ్యాప్ అయిపోతుంది. బన్నింగ్స్ హార్డ్‌వేర్ షాపులో మూడు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొట్టు షీటు) తీసుకుని 900 బై 600 ముక్కలుగా అక్కడే కట్ చేయించుకుని మ్యాట్ బ్లాక్ పెయింట్ రెండు కోట్లు వేస్తే వాకిలి రెడీ. ముందు చాక్‌పీసుతో చుక్కలు, తర్వాత తెల్ల పెయింటు సన్నమూతి సీసాలో పోసి గీయడమే, చెయ్యి వణికినా తడిగుడ్డతో తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు. ఒక్కో కుటుంబం ఒక్కో చెక్క ఇంటికి పట్టుకెళ్ళి వాళ్ళ ఊరి ముగ్గు వేసి తేవాలి, మెలికల ముగ్గు వచ్చినవాళ్ళు మెలికలు, రానివాళ్ళు పద్మం. చివరి చెక్క మీద రథం ముగ్గు నేనేస్తా, దాని తాడు మిగతా చెక్కలన్నిటి కింది అంచున గీతలా సాగేలా ప్రతివాళ్ళూ కింద రెండంగుళాలు ఖాళీ వదలండి. మా ఊళ్ళో కనుమ నాడు ఒకళ్ళ రథం తాడు పక్కింటి ముగ్గు దాకా లాక్కెళ్ళేవాళ్ళు, అలా వీధంతా కలిసిపోయేది.

పతంగుల టీమ్:
అక్కా మా దిక్కు సంక్రాంతి అంటేనే పతంగులు. ఎగరేసుడు సంగతి తర్వాత, డెకరేషన్‌కి ఒక ముప్ఫై పతంగులు నేను చేస్త, రొటండా కప్పు కింద మొత్తం ఏలాడదీస్తే మస్తుంటది. బార్బెక్యూ పుల్లలు సరిపోతయా?

డెకర్ లీడ్:
సరిపోతాయి తమ్ముడూ, కానీ మొనలు ముందే కత్తిరించేయ్, పిల్లల తలల ఎత్తుకి ఒక్కటి జారినా కళ్ళకి ప్రమాదం. నిలువు పుల్ల నిటారుగా, అడ్డం పుల్ల విల్లులాగా వంచాలి కదా, అవి వంగవు, విరుగుతాయి, అడ్డానికి సన్న కేన్ గానీ గట్టి ప్లాస్టిక్ వైరు గానీ వాడు. కాగితం బదులు మిగిలిన చీర ముక్కలు వేస్తే ఏడాదికేడాది ఉంటాయి, తోకలకి రిబ్బన్లు. అసలు ఎగరేసే వాటికి మాత్రం మాంజా అన్న మాట ఎవరూ ఎత్తకండి, గాజు పూసిన దారం ఒప్పుకునేది లేదు, మామూలు నూలు దారమే.

పతంగుల టీమ్:
సరే అక్కా. మరి భోగి మంట సంగతేంది? చిన్నగ ఒక డ్రమ్ముల పెట్టుకుందమా, మంట లేకుంటే భోగి ఎట్లయితది

ట్రెజరర్:
తమ్ముడూ ఆ రోజు టోటల్ ఫైర్ బ్యాన్ (బయట మంట పెట్టకూడదనే ఆర్డర్) పడిందంటే డ్రమ్ము కాదు కదా అగరొత్తి గురించి కూడా నేను ఆలోచిస్తా

డెకర్ లీడ్:
నిజం మంట ప్రసక్తే లేదు. బ్యాన్ మామూలుగా ముందురోజే ప్రకటిస్తారు, అప్పుడు ప్లాన్ మార్చుకోవడం కాదు, అసలు మంట లేకుండానే ప్లాన్ చేసుకోవాలి. కార్పెట్, బట్టల షాపుల్లో పారేసే పొడుగు అట్ట గొట్టాలు తెచ్చి బ్రౌన్ పెయింట్ కొట్టి చితిలా కాకుండా గుడారంలా నిలబెట్టి పైన తాడుతో కట్టాలి, లోపల ఎరుపు, నారింజ, పసుపు సెలోఫేన్ నాలుకల్లా కత్తిరించి పెట్టి, అడుగున బ్యాటరీ ఫ్యాన్ ఒకటి, బ్యాటరీ లైట్లు రెండు మూడు తీగలు. ఫ్యాన్ తిరుగుతుంటే సెలోఫేన్ చిటపటలాడుతుంది, ఆ చప్పుడు అచ్చం మంట చప్పుడే. ఒక్కటే చిక్కు, ఇక్కడ ఆ టైమ్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురే, బయట పెడితే లైట్లు కనపడవు, అందుకే రొటండా లోపల వెనక మూల, చీరల బ్యాక్‌డ్రాప్ నీడలో పెడదాం. అడుగున ఇసుక సంచి మర్చిపోవద్దు.

కిడ్స్ కార్నర్:
సూపర్ అక్కా. పిల్లలతో భోగి పిడకల దండలు చేయిద్దాం అనుకుంటున్నా, ప్లే డో తో

డెకర్ లీడ్:
ప్లే డో ఖరీదు, పైగా ఎండితే పగుళ్ళొస్తాయి. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, సుమారు కప్పు నీళ్ళు, అందులో చవక ఇన్‌స్టంట్ కాఫీ పొడి నాలుగు చెంచాలు కరిగించి కలిపితే రంగు అచ్చం పిడక రంగే. నీళ్ళు ఒకేసారి పోయకండి, చపాతీ పిండి కన్నా గట్టిగా ఉండాలి. పిల్లలు బిళ్ళల్లా తట్టి మధ్యలో వేలితో చిల్లు పెట్టి ఎండబెట్టాలి, మన ఎండకి పల్చగా చేస్తే తొందరగానే ఎండుతాయి, మధ్యలో తిరగేస్తుండాలి. మంటలో వేసే పని లేదు కాబట్టి తాడుకి గుచ్చి ఆ గొట్టాల భోగి మంటకే చుట్టేద్దాం, పిల్లలకి మంటలో వేసిన తృప్తీ ఉంటుంది. గొబ్బెమ్మలూ ఇదే పిండితో, పైన పసుపు కుంకుమ, నెత్తిన గుమ్మడి పువ్వు. గుమ్మడి పాదులున్నవాళ్ళకి జనవరిలో ఇక్కడ పూలే పూలు, మగపూలు కోయండి, కాయకి నష్టం లేదు.

పార్కులో కుక్కల్ని తిప్పేవాళ్ళు వస్తారు, ఆ పిండిలో ఉప్పు ఎక్కువ, కుక్క తింటే దానికి మంచిది కాదు, కింద పడిన ముక్కలు అక్కడికక్కడే ఏరేయండి. పిల్లల టేబుల్ దగ్గర కూర్చునే వాలంటీర్లందరికీ వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవాళ్ళ గురించి ప్రభుత్వం చేసే తనిఖీ) ఉండాలి, వాలంటీర్లకి ఫ్రీ, లేనివాళ్ళు ఈ వారమే అప్లై చేయండి. టేబుల్ పూర్తిగా నీడలో, సన్‌స్క్రీన్ పంపు బాటిల్ టేబుల్ మీదే.

పాయింట్ కుక్ వాలంటీర్:
నేను గెజిబోలు (మడిచే టెంట్లు) రెండు తెస్తా. టెంటు మేకులు కొట్టనిస్తారా గడ్డిలో?

డెకర్ లీడ్:
కొట్టొద్దు, కింద స్ప్రింక్లర్ పైపులుంటాయి. ఒక్కో కాలుకి ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ కట్టు, అంటే ఇరవై కిలోలు, గాలి మరీ గట్టిగా వస్తే ఆలోచించకుండా గెజిబో దించేయడమే. సాయంత్రం ఆ నీళ్ళు చెట్లకి పోసేయొచ్చు.

మెల్టన్ వాలంటీర్:
మిషన్ నా దగ్గరుంది, తోరణాలు నావి. చీరలు ఎవరు తెచ్చిస్తారు

క్రెగీబర్న్ వాలంటీర్:
నా దగ్గర ఒక బ్యాగుడు ఉన్నాయి, పెళ్ళిళ్ళలో పెట్టినవి, ఒక్కటీ కట్టలేదు 🙈 శనివారం తెచ్చిస్తా. మా అత్తయ్యకి ఊలు పూల పని కూడా రాసేయండి

ట్రెజరర్:
చెక్కలు నా యూట్‌లో (వెనక ట్రే ఉన్న బండి) తెస్తా, ఎన్ని కుటుంబాలు ముగ్గు వేస్తున్నాయో బుధవారం లోపల ఇక్కడే పేరు పక్కన ప్లస్ వన్ పెట్టండి, పెట్టనివాళ్ళకి చెక్క లేదు

డెకర్ లీడ్:
నిచ్చెన ఎవరి దగ్గరుంది? రొటండా కప్పు ఎత్తుకి ఆరడుగులది చాలదు, ఎనిమిదడుగులది కావాలి.

పతంగుల టీమ్:
నా దగ్గరుంది అక్కా, ఎక్కేది కూడా నేనే, కింద పట్టుకునేటోళ్ళు ఇద్దరు కావాలె.