పరీక్ష పాసైనట్టు రుజువు ఏది?

ప్రశ్న (శ్రీకాకుళం): నమస్కారమండీ. అమెరికాలో చదువుతున్న మా అమ్మాయి అమెచ్యూర్ రేడియో (అభిరుచిగా నడిపే రేడియో) లైసెన్సుకు తొలి మెట్టయిన టెక్నీషియన్ పరీక్ష పాసైంది గాని, కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు సంకేతం) ఇంకా ఎఫ్‌సీసీ (ఆ లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) జాబితాలో కనబడలేదు. ఈలోగా పై మెట్టయిన జనరల్ పరీక్షకు వెళ్తే, ఆమెకిచ్చిన కాగితం సరిపోతుందా?

జవాబు (విజయనగరం): సరిపోతుందండీ. ముగ్గురు పరీక్షకుల సంతకాలున్న ఆ సీఎస్‌సీఈ (పరీక్ష ఉత్తీర్ణత ధ్రువీకరణ) పత్రం 365 రోజుల వరకు ఉత్తీర్ణతకు రుజువుగా చెల్లుతుంది కనుక, అసలు పత్రంతో పాటు ఒక జిరాక్సు కూడా తీసుకెళ్లమనండి. కాల్ సైన్ వచ్చాక ఇక లైసెన్సే రుజువు.

జవాబు (టెక్కలి): నాకైతే కాగితం కన్నా లైసెన్సు దరఖాస్తు రుసుము గురించే ఆందోళనగా ఉంది. ఎఫ్‌సీసీ నుంచి ఈమెయిల్ వచ్చిన 10 రోజుల్లో 35 డాలర్లు కట్టకపోతే దరఖాస్తును కొట్టివేస్తారు; స్పామ్ కూడా చూడమనండి.

ప్రశ్నించినవారు: ఈమెయిల్ స్పామ్‌లోనే ఉందట, గడువు దాటలేదు. ఇప్పుడే కడుతోంది. ఇద్దరికీ కృతజ్ఞతలండీ.