పోఖ్రాన్ పేలుడు ఎంత పెద్దది? సీస్మోగ్రాఫ్ తేల్చేసినట్టేనా?

కృష్ణలంక కుర్రాడు:
1998 మే 11న పోఖ్రాన్‌లో ఒకేసారి మూడు అణు పరికరాలు పేల్చారు. వాటిలో థర్మోన్యూక్లియర్ (హైడ్రోజన్ బాంబు) ఒక్కటే 45 కిలోటన్నులని మనవాళ్లు ప్రకటించారు (కిలోటన్ను అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ పేలినంత శక్తి). అమెరికా సీస్మాలజిస్ట్ టెర్రీ వాలెస్ లెక్కలో అన్నీ కలిపినా 10-15. నేల అదురుని గీతగా గీసే సీస్మోగ్రాఫ్‌కి అందిన తరంగాలు అబద్ధం చెప్పవుగా? మనవాళ్లు గొప్పలు పోయారనే నా అనుమానం.

పేరేచర్ల రాయి:
అసలు అది బాంబే అని ఎలా చెప్తారండీ? ఇక్కడ క్వారీల్లో మందు పేల్చినప్పుడల్లా మా కిటికీలు అదురుతాయి, భూకంపమేమో అని ముసలాళ్లు బయటికి పరుగు!

అరండల్‌పేట మాస్టారు:
అందులో గొడవే లేదు. పేలుడు నేలని అన్ని వైపులకీ నెడుతుంది, అందుకే ముందుగా వచ్చే P తరంగం (నెట్టుడు తరంగం) బలంగా ఉంటుంది. భూకంపంలో రాళ్లు పగులు వెంట పక్కకి జారతాయి, అందుకే వెనక వచ్చే S తరంగం (పక్కకి ఊపే తరంగం) బలంగా ఉంటుంది. పాకిస్తాన్‌లో నీలోర్ స్టేషన్ పోఖ్రాన్‌కి దాదాపు 740 కిలోమీటర్లు. అక్కడి గీతలో ముందు P నిటారుగా లేచింది, వెనక S చిన్నది. ఆ ప్రాంతపు భూకంపం గీతని పక్కనే పెట్టి పోల్చి చూస్తే అందులో తలకిందులు: P చిన్నది, S పెద్దది.

పరిమాణం వేరే కథ బాబూ. తరంగం ఇచ్చేది మాగ్నిట్యూడ్ (అదురు ఎంత పెద్దదో చెప్పే అంకె), కిలోటన్నులు కాదు. పోఖ్రాన్‌కి వచ్చింది సుమారు 5.2. గట్టి, చల్లని పాత రాతికి వాడే సూత్రంలో వేస్తే 10 కిలోటన్నులు. అమెరికా అణు పరీక్షలు జరిపిన నెవడాకి వాడే సూత్రంలో వేస్తే అదే 5.2కి 30 దాటుతుంది. అక్కడ లోపలి పొరలు వేడిగా ఉండి P తరంగాన్ని మింగేస్తాయి మరి. పైగా ఇది లాగరిథమ్ వ్యవహారం: మాగ్నిట్యూడ్‌లో 0.3 అటూ ఇటూ అయితే కిలోటన్నులు రెండున్నర రెట్లు మారతాయి. పేలుళ్ల మధ్య కిలోమీటరు దూరం ఉంది కాబట్టి కొన్ని దిక్కుల్లో తరంగాలు ఒకదాన్నొకటి తగ్గించుకున్నాయని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాదన. అందులో పస ఉంది, కానీ 10 నుంచి 45కి లాక్కెళ్లేంత ఉందనుకోను.

కృష్ణలంక కుర్రాడు:
మరి 2009లో సంతానం గారేమన్నారు? పరీక్షల్లో పాల్గొన్న డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) మనిషే థర్మోన్యూక్లియర్ అనుకున్నంత పేలలేదన్నారుగా. మే 13న పేల్చామన్న రెండు చిన్నవి విదేశీ స్టేషన్లకి అందనే లేదు!

అరండల్‌పేట మాస్టారు:
ఆయన మాటని అబ్దుల్ కలాం గారు, పరీక్షలప్పుడు అణుశక్తి సంఘం అధ్యక్షుడైన ఆర్. చిదంబరం గారు కొట్టిపారేశారు, అదీ చెప్పు. మే 13వి కిలోటన్ను లోపువి, ఇసుక దిబ్బలో పేల్చినవి. పొడి ఇసుక శక్తిని రాతిలా పట్టుకోదు, అందకపోతే పేలలేదని అర్థం కాదు. నన్నడిగితే 45కి రుజువు సీస్మోగ్రాఫ్‌లో దొరకదు, గొయ్యి తవ్వి తీసిన రేడియోధార్మిక రాతిలో దొరకాలి. ఆ పరీక్ష చేసి తమ అంకె సరైనదేనని బార్క్ అంటోంది. పూర్తి అంకెలు బయటపెడితే డిజైన్ తెలిసిపోతుందట. ఇంక మనం ఇక్కడ కూర్చుని ఏం తేలుస్తాం?

పేరేచర్ల రాయి:
ఇదిగో, ఇప్పుడే ఇంకోటి పేల్చారు. S సంగతి తెలీదు గానీ గ్లాసులు మాత్రం గలగల.