క్రీమ్ పోస్తే కేజన్ రొయ్యలు కేజన్ వంట కాకుండా పోతాయా?

కోనసీమ_కోడలు
మొన్న ఇంటికి నలుగురిని భోజనానికి పిలిచి అమెరికాలోని లూసియానా రాష్ట్రపు కేజన్ పద్ధతిలో రొయ్యలు చేశాను. రొయ్యలకు కేయెన్ కారం, పాప్రికా, వెల్లుల్లి పొడి, తైమ్ పట్టించి వెన్నలో వేయించి తీశాను. అదే మూకుట్లో ఉల్లిపాయ, క్యాప్సికమ్, సెలరీ మగ్గించి హెవీ క్రీమ్ పోశాను. చిక్కబడ్డాక రొయ్యలు మళ్లీ వేసి దించేశాను. అన్నంలోకీ పాస్తాలోకీ కూడా బాగా కుదిరింది. వచ్చినవాళ్లలో లూసియానాలో పుట్టి పెరిగిన పెద్దాయన ఒకరున్నారు. ఇష్టంగానే తిన్నారు కానీ, "మా ఇంట్లో దీన్ని కేజన్ అనరమ్మా, క్రీమ్ మా వంట కాదు" అన్నారు. యూట్యూబ్‌లో చూస్తేనేమో ఎటు చూసినా క్రీమే. ఏది సరైనది? వండేవాళ్లు చెప్పండి.

బయూ_పక్కిల్లు
ఆయన చెప్పిందే నిజమండీ. నేను లూసియానాలోనే లఫయెట్ దగ్గర చాలా ఏళ్లుగా ఉంటున్నాను. కేజన్లెవరో తెలిస్తే వాళ్ల వంటలో క్రీమ్ ఎందుకు లేదో అర్థమవుతుంది. కెనడా తూర్పు తీరంలో, ఇప్పటి నోవా స్కోషియా వైపు ఉండే ఫ్రెంచి రైతులు అకేడియన్లు, ఆ మాటే నోళ్లలో నలిగి కేజన్ అయింది. 1755లో బ్రిటిష్‌వాళ్లు వాళ్లను ఇళ్లూ పొలాలూ వదిలించి ఓడలెక్కించారు. 1760ల్లో కొంతమంది లూసియానా చేరి ఈ బయూల ఒడ్డున నిలదొక్కుకున్నారు. బయూ అంటే మెల్లగా పారే బురద కాలువ. అందులో పట్టుకున్నదీ, పెరట్లో పండిందీ, పంది కొవ్వూ, బియ్యమూ, ఇవే వాళ్ల వంట. ఈ ఉక్కలో ఫ్రిజ్ లేకుండా మీగడ ఎక్కడ నిలుస్తుంది?

చిక్కదనం రూ నుంచి వస్తుంది. అంటే మైదాను కొవ్వులో సన్న సెగ మీద, చెయ్యి ఆపకుండా కలుపుతూ వేయించిన ముద్ద. క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) వండితే దాని తలలో ఉండే పసుపుపచ్చ కొవ్వు కూడా అందులో పడుతుంది. ఇక్కడి బ్రో బ్రిడ్జ్ ఊళ్లో ఒకసారి ఎటూఫే, అంటే అన్నంలోకి చేసే చిక్కటి క్రాఫిష్ కూర, తిని చూడండి. క్రీమ్ చుక్క లేకుండానే అంత చిక్కగా, అంత కమ్మగా ఉంటుంది. వెన్నా క్రీమూ ధారాళంగా వాడేది న్యూ ఆర్లియన్స్ నగరపు క్రియోల్ వంటలో. బయటివాళ్లు రెండింటినీ కలిపేసి ఒకే పేరు పెట్టేశారు. నాకు కోపం వచ్చేది అక్కడే. మన రొయ్యల ఇగురులో మీగడ పోసి గోదావరి వంట అని అమ్మితే మనం ఊరుకుంటామా?

హ్యూస్టన్_సుబ్బు
అన్నా, పాల్ ప్రుధోమ్‌ని ఏం చేస్తావు మరి? 1940లో లూసియానాలోని ఒపెలూసస్‌లో పుట్టిన వంటవాడు, నీ లెక్క ప్రకారం కూడా అసలు సిసలు కేజన్. 1979లో భార్యతో కలిసి న్యూ ఆర్లియన్స్‌లో కె-పాల్స్ అనే రెస్టారెంట్ తెరిచాడు. లోకానికి కేజన్ అన్న మాట తెలిసిందే ఆయన వల్ల. ఆయనకు పేరు తెచ్చిన బ్లాకెన్డ్ రెడ్‌ఫిష్ ఏ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నదీ కాదు. చేపను కరిగిన వెన్నలో ముంచి, మసాలా అద్ది, సెగలు కక్కే ఇనుప పెనం మీద వెయ్యడం ఆయన సొంత పద్ధతి. దానికి ఎంత గిరాకీ వచ్చిందంటే, 1980ల్లోనే ఇక్కడి గల్ఫ్‌లో, అంటే మెక్సికో సింధుశాఖలో, ఆ చేపల వేటకు అడ్డుకట్ట వెయ్యాల్సి వచ్చింది. అదే మనిషి సీఫుడ్‌లో హెవీ క్రీమ్ కూడా పోశాడు. న్యూ ఆర్లియన్స్ జాజ్ ఫెస్ట్‌లో 1980ల నుంచీ జనం వరసల్లో నిలబడి తినే క్రాఫిష్ మోనికా అయితే పూర్తిగా క్రీమ్ పాస్తానే.

మా ఊళ్లో వియత్నాం వాళ్లను చూడు. 1975 తర్వాత వచ్చి గల్ఫ్‌లో రొయ్యల పడవలెక్కారు. తర్వాత ఉడికించిన క్రాఫిష్‌ను వెల్లుల్లి వెన్నలో పొర్లించారు. ఇవాళ హ్యూస్టన్‌లో క్రాఫిష్ అంటే చాలామందికి అదే. వంట కదలకుండా ఉంటుందా?

బయూ_పక్కిల్లు
కదలొద్దని నేననలేదు తమ్ముడూ. ప్రుధోమ్ గొప్పవాడే, కానీ అది రెస్టారెంట్ వంట. ఇంటి వంటకూ దానికీ మధ్య గీత ఉండాలి. వియత్నాం వాళ్లు ఎంత నిజాయితీగా చేశారో చూడు, వియెత్-కేజన్ అని తమ పేరు ముందు పెట్టుకున్నారు. తిన్నవాడికి ఏం తింటున్నాడో తెలుస్తుంది.

పేరు పక్కనపెట్టు, రుచి సంగతి చూద్దాం. కారం ఘాటు కొవ్వులో కరుగుతుంది, పాలలోని కేసీన్ దాన్ని పట్టేసుకుంటుంది. క్రీమ్ పోయగానే ఘాటు పడిపోతుంది. చప్పబడిందని జనం పైనుంచి మళ్లీ పచ్చి మసాలా చల్లుతారు. రొయ్య రుచి పోయి పొడి వాసన మిగులుతుంది.

గచ్చిబౌలి_వంటిల్లు
అందరికీ నమస్కారం. నాది చిన్న కష్టం. ఇక్కడ దొరికే 25 శాతం కొవ్వున్న ప్యాకెట్ క్రీమ్‌తో చేస్తే విరిగిపోతోంది. టమాటా, నిమ్మరసం వేశాను. మసాలా డబ్బా అమెరికా నుంచి చెల్లి పంపింది, దాంతో ఉప్పగా కూడా అయింది.

కోనసీమ_కోడలు
అక్కా, అమెరికాలో హెవీ క్రీమ్ అంటే కనీసం 36 శాతం కొవ్వు ఉండాలి, అందుకే ఉడికినా తట్టుకుంటుంది. మీ క్రీమ్‌లో కొవ్వు తక్కువ కాబట్టి పులుపూ పెద్ద మంటా కలిస్తే విరుగుతుంది. టమాటా మానేయండి. కూరలు మగ్గాక ఒక చెంచా మైదా వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, రొయ్యల తొక్కలు, తలకాయలు మరిగించిన నీళ్లు కొద్దికొద్దిగా పోసి చిక్కబరచండి. క్రీమ్ గది వేడికి వచ్చాక మంట బాగా తగ్గించి పోయండి, మరగనివ్వొద్దు. నిమ్మరసం పొయ్యి కట్టేశాకే. డబ్బా మసాలాల్లో చాలావాటికి మొదటి పదార్థం ఉప్పే. సాస్ ఇగిరేకొద్దీ ఆ ఉప్పు ఇంకా తేలుతుంది. విడిగా మసాలా కలుపుకోండి, ఉప్పు చివర్న చూసుకోండి.

అన్నయ్యగారూ, ఘాటు పడిపోతుందన్నారు. మసాలాను వెన్నలో ముందే వేయిస్తే అలా చప్పబడదండీ. కేయెన్ ఒక్కటే కాకుండా నల్ల మిరియాలు, తెల్ల మిరియాలు కూడా వేస్తాను. ఒక్కోదాని ఘాటు ఒక్కోచోట తగులుతుంది.

బయూ_పక్కిల్లు
మీరిప్పుడు గచ్చిబౌలి వాళ్లకు చెప్పింది రూ వెయ్యమనే కదండీ! మైదా వేగి, రొయ్య తలకాయల నీళ్లు చిక్కబడ్డాక క్రీమ్‌తో పనేముంది? అక్కడ ఆపి రుచి చూడమనండి.

భీమవరం_చెరువుగట్టు
క్రీమ్ గురించి ఇంతసేపు మాట్లాడారు, రొయ్య ఎక్కడిదో ఎవరూ అడగలేదు. అమెరికాకు రొయ్యలు ఎక్కువగా పంపేది మన దేశమే, అందులో పెద్ద వాటా మన ఆంధ్రా వనామీది. ఈ రకాన్ని ఇక్కడ పెంచడానికి 2009లో అనుమతి వచ్చింది. మీరు కేజన్ అని వండుకునే రొయ్య మా గట్టు పక్క చెరువులోది అయ్యుండొచ్చు. లూసియానాలో సముద్రం మీద వేటాడి బతికేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. దిగుమతి ధరకు వాళ్లు అమ్మలేరు. 2019లో అక్కడ చట్టం తెచ్చారు, రొయ్యలూ క్రాఫిష్ బయటి దేశానివైతే హోటళ్లు ఆ సంగతి తినేవాళ్లకు చెప్పాలని. నేను రైతునే అయినా అది న్యాయమనే అంటాను. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు చెరువుగట్టు మీద మేం పడ్డ దిగులు నాకు తెలుసు. వాళ్లదీ అలాంటి దిగులే.

వండేవాళ్లకు ఒక మాట. ఫ్రీజర్ రొయ్యల్ని చన్నీళ్లలో కరిగించి, గుడ్డతో తడి లేకుండా బాగా అద్దండి. నీరు పట్టి ఉండటానికి కొన్నింటికి ఫాస్ఫేట్ కలుపుతారు. ఆ నీరంతా మూకుట్లో దిగితే వేగవు, ఉడుకుతాయి. సాస్ కూడా పలచబడుతుంది.

బయూ_పక్కిల్లు
చెరువుగట్టు గారూ, ఇంత నిఖార్సుగా మాట్లాడినందుకు దణ్ణం. ఇక్కడ డెల్కాంబ్ర్ రేవులో పడవ దగ్గరే తలకాయలతో సహా రొయ్యలు కొంటాను. అమ్మేవాళ్ల మొహాల్లో మీరన్న దిగులు కనిపిస్తుంది. కేజన్ అన్న పేరు దగ్గర నేను పట్టుబట్టేది వాళ్లను చూసే. పేరు మాత్రం ఊరూరా తిరుగుతోంది, దాని మీద వచ్చే డబ్బు ఆ పడవల దాకా రావట్లేదు.

హ్యూస్టన్_సుబ్బు
ఆ మాట ఒప్పుకుంటానన్నా. కానీ దానికి క్రీమ్ మానేయడం మందు కాదు, గల్ఫ్ రొయ్యలు కొనడం మందు. ఆ రొయ్యలతో ఏ సాస్ చేసినా పడవ వాడికి డబ్బు వెళ్తుంది.

కోనసీమ_కోడలు
నేనూ సుబ్బు వైపే. ఇక్కడి షాపులో అట్ట మీద ఏ దేశానిదో రాసి ఉంటుంది, ఇకనుంచి చూసి కొంటాను. పేరు విషయంలో మాత్రం నేను తగ్గను. ఉల్లి, సెలరీ, క్యాప్సికమ్, మూడు ఘాట్లు, రొయ్య తలకాయల నీళ్లు అన్నీ ఆ వంటవే అయినప్పుడు అరకప్పు క్రీమ్‌కే దాని పేరు తీసేయాలా?

బయూ_పక్కిల్లు
తీసేయాలనే నా మాట. శనివారం క్రీమ్ లేకుండా ఒక గిన్నె, క్రీమ్‌తో ఒక గిన్నె పెట్టండి, ఆ పెద్దాయన్నే మళ్లీ పిలవండి. రూ వేరుశనగ గుళ్ల రంగుకు రాగానే కూరలు వేసెయ్యండి, ఇంకా నల్లబడితే రొయ్యల రుచిని మింగేస్తుంది. రొయ్యలు చిట్టచివర్న, వంపు తిరిగి గులాబీ రంగుకు రాగానే దించాలి.

గచ్చిబౌలి_వంటిల్లు
సెలరీ దొరకలేదండీ. దాని కాడల బదులు ఏం వెయ్యను?

బయూ_పక్కిల్లు
కొత్తిమీర కాడలు సన్నగా తరిగి వెయ్యండి. అదే రుచి రాదు కానీ పచ్చిదనం వస్తుంది. ఉల్లికాడలు చివర్న చల్లడం మర్చిపోకండి.