సమస్యాపూరణం: "పిల్లి వాదమాడె పీఠమెదుట"

పృచ్ఛకుడు:
మిత్రులారా, లాయర్లు నలుగురు కొత్తగా కలిస్తే మాట ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తోచదు. "ఏ సైడు ప్రాక్టీసు, ఎన్నేళ్ళయింది" అని అడిగితే రెండు ముక్కల్లో జవాబొస్తుంది, అక్కడితో సరి. అదే "ఆ సీసాలో నత్త నిజంగా ఉందంటారా?" అని అడిగి చూడండి. తాగిన పానీయం సీసాలో నత్త వచ్చిందని ఒకావిడ తయారీదారు మీద వేసిన డొనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ 1932లో ఇచ్చిన తీర్పు మనం మొదట చదివిన పాఠాల్లో ఒకటి. కానీ నత్త ఉందని ఏ కోర్టులోనూ ఎవరూ రుజువు చేయలేదు. సాక్ష్యం దాకా పోకుండానే కేసు రాజీ అయిపోయింది. ఈ మాట పడిందంటే అప్పటిదాకా మూలన కూర్చున్నవాళ్ళు కూడా నోరు విప్పుతారు.

అలాంటి మాట పద్యంలో పడితే ఇంకా బాగుంటుందని ఈ సమస్య ఇస్తున్నాను. ఆటవెలది నాలుగో పాదం:

పిల్లి వాదమాడె పీఠమెదుట

పై మూడు పాదాలు మీవి. ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదానికి ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది పొసగాలి. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కూడా కదపకూడదు.

సివిల్ సైడు:
ఈ సమస్య చూడగానే 2021 ఫిబ్రవరి 9 గుర్తొచ్చింది. టెక్సస్‌లో 394వ జిల్లా కోర్టు, జూమ్‌లో విచారణ. ఒక లాయరు గారి ముఖం ఫిల్టర్ వల్ల తెరమీద పిల్లికూన ముఖమైపోయింది. తీసేయడం ఆయనకు చేతకాలేదు. "నేను పిల్లిని కాను" అని జడ్జి గారికి చెప్పుకోవలసి వచ్చింది.

తెరను మొగము మారి తెల్లపిల్లిగ దోచ
కాను పిల్లిననుచు గాబరపడి
లాయరొకడు తాను లబలబలాడంగ
పిల్లి వాదమాడె పీఠమెదుట

పృచ్ఛకుడు:
మొదటి పూరణే జరిగిన కథతో వచ్చింది, సంతోషం. మూడో పాదం నడక చాలా బాగుంది. "లబలబ" సరిగ్గా నాలుగో గణంలో పడి, యతి ఇట్టే కుదిరింది. కంగారంతా ఆ ఒక్క మాటలో ఉంది.

రెండు సవరణలు. "పిల్లిగ దోచ" అన్నది వ్యాకరణానికి సరే. కానీ నేటి పాఠకుడికి దోచుకోవడం స్ఫురిస్తుంది, అందులోనూ చదివేవాళ్ళు లాయర్లు. "తోచ" అనేయండి, గణాలు మారవు. ఇక "గాబరా"ను "గాబర"గా కుదించారు. ఛందస్సు కోసం మాటను నొక్కినట్టుంది. "కాను పిల్లిననుచు కలతచెంది" అంటే యతీ నిలుస్తుంది, మాటా నిండుగా ఉంటుంది.

సివిల్ సైడు:
రెండూ ఒప్పుకున్నాను. "కలతచెంది"తో అయ్యో పాపం అనిపిస్తోంది కూడా. నాకు ఆ కేసులో నచ్చింది జడ్జి గారి తీరు. కోప్పడలేదు. తర్వాత ఆ క్లిప్‌ను ఆయనే పంచుకుంటూ, మీ కంప్యూటర్ పిల్లలు వాడి ఉంటే విచారణకు ముందు ఫిల్టర్లు ఆపి ఉన్నాయో లేదో చూసుకోండి అని అందరికీ చెప్పారు.

క్రిమినల్ సైడు:
నా పూరణలో పిల్లి మనిషే. ఇలాంటి సీనియర్ దగ్గర నేను జూనియర్‌గా పనిచేశాను.

ఇంటిలోన పులిగ నెగిరెగిరిపడును
కక్షిదారు కడను గర్జసేయు
జడ్జి చూపు సోక జావగారెను గొంతు
పిల్లి వాదమాడె పీఠమెదుట

పృచ్ఛకుడు:
"ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అన్న సామెతను కోర్టు హాల్లోకి తెచ్చారు. సామెత పేరెత్తకుండా పులిని మొదటి పాదంలో పెట్టి, పిల్లిని సమస్య మీదే వదిలారు. మంచి పని. "జడ్జి చూపు సోక" చదవగానే చేతిలో కాగితాలు వణకడం కనిపిస్తోంది. యతులు నాలుగూ సరిపోయాయి. ఒకటే లోటు, కర్త ఎవరో మూడు పాదాల్లోనూ లేదు. ఆ మనిషిని చూపే మాట ఒక్కటైనా ఉంటే పద్యం తన కాళ్ళమీద తాను నిలబడేది.

కొత్త గౌను:
నమస్కారమండీ. ఎన్‌రోల్ అయి ఆరు నెలలే అయింది, పద్యం రాయడం కూడా ఇదే మొదటిసారి. కాస్త టెన్షన్‌గానే పెడుతున్నాను. ఆన్‌లైన్ విచారణలో మైకు ఆపకుండా లేస్తే ఏమవుతుందో చూడండి.

మైకు ఆపడం మరచి నీళ్లకు పోగా
కుర్చిమీద కెగిరి కూరుచుండి
మ్యావు మ్యావటంచు మారుపలుకు లేక
పిల్లి వాదమాడె పీఠమెదుట

పృచ్ఛకుడు:
అమ్మా, మొదటి పద్యమంటే నమ్మబుద్ధి కావడం లేదు. మూడో పాదం చూడండి: మ్యావు, మ్యావ, టంచు, మారుప, లుకులేక. గణాలు ఒక్కటీ తప్పలేదు. "మారుపలుకు లేక" అంటే ఎదుటి పక్షానికి జవాబే లేకపోయిందన్న అర్థం కూడా వస్తోంది. కావాలనే పెట్టారా?

తప్పంతా మొదటి పాదంలోనే ఉంది. "మైకు ఆపడం" దగ్గర సంధి విడిపోయింది. గణాలు విడదీస్తే మైకు, ఆప, డంమ, రచినీళ్ల, కుపోగా అవుతాయి. చివరిది లఘువు, రెండు గురువులు, అంటే యగణం. అది ఇంద్రగణాల్లో లేదు. యతిస్థానంలో "ర" పడింది, "మై"కి అది చెల్లదు. మీరే ఒకసారి ప్రయత్నించండి. "మ"తో మొదలయ్యే మాట ఆ చోటికి రావాలి, అంతే.

కొత్త గౌను:
కావాలనే పెట్టానండీ! రాత్రంతా వేళ్ళమీద గురులఘువులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఇది చూడండి:

మైకు నాపకుండ మంచినీళ్లకు బోవ

పృచ్ఛకుడు:
పాసయ్యారు. "ఐ"కి "అ"తో మైత్రి ఉంది కాబట్టి మై, మం యతి నిక్షేపంగా చెల్లుతుంది. ఇప్పుడు పద్యమంతా నిలబడింది.

పాత తగాదా:
మీరంతా పిల్లిచేత వాదింపజేశారు. పాదాన్ని "పిల్లివాదము ఆడె" అని విడదీస్తే పిల్లిని గురించిన తగాదా వాదించాడని అర్థం. మర్యాద రామన్న తీర్పుల్లో నలుగురు పత్తి వర్తకులు తలా ఒక కాలు చొప్పున పంచుకున్న పిల్లి తెలిసిందే కదా.

నలుగు రొక్కకాలు నాదని పంచిన
పత్తి కొట్టు కాలి పాడువడగ
కుంటికాలివాని కొరకు లాయరొకండు
పిల్లివాదమాడె పీఠమెదుట

పృచ్ఛకుడు:
అక్షరం మార్చకుండా సమాసం చేసి అర్థం తిప్పేశారు. నేను ఎదురుచూసిన విరుపు ఇదే. అయితే "కుంటికాలివాని" అంటే ఆ వర్తకుడే కుంటివాడనుకుంటారు. కుంటిది పిల్లి కాలు, అతనిది ఆ కాలిమీద హక్కు మాత్రమే. పైగా మొదటి పాదంలో పంచింది దేన్నో చెప్పలేదు, చదివితే పత్తి కొట్టుకే కాళ్ళున్నట్టుంది.

పాత తగాదా:
నిజమే, రెండూ కోర్టుకిచ్చే ప్లీడింగ్స్‌లో రాసుంటే ఎదుటివాళ్ళు ఊరుకునేవారు కాదు. మూడో పాదం ఇలా మారుస్తాను:

కట్టుకాలి హక్కు గలవాని లాయరు

మొదటి పాదం చివర "పంచిన" తీసి "పంచగ" అంటాను. పంచుకున్నది పిల్లినేనని నాలుగో పాదం చెబుతుంది.

సివిల్ సైడు:
పద్యం సరే, ఆ తీర్పు మీద నాకు పాత పేచీ ఉంది. గాయమైన కాలికి దాని హక్కుదారు నూనెగుడ్డ కట్టాడు. నిప్పంటుకుని పిల్లి పత్తిలోకి పరుగెత్తింది. దెబ్బతిన్న కాలు నడవలేదు, నడిచినవి మంచి కాళ్ళు మూడే, కాబట్టి ఆ ముగ్గురే నష్టం కట్టాలని రామన్న తీర్పు. మరి నూనెగుడ్డ కట్టినవాడి నిర్లక్ష్యం సంగతేమిటి? నిప్పు అంటుకుంది అక్కడే కదా!

క్రిమినల్ సైడు:
వైద్యం చేయడం నిర్లక్ష్యం ఎలా అవుతుందండీ? మిగతా ముగ్గురూ ఆ కాలిని పట్టించుకోనే లేదు. మంట దగ్గరికి పిల్లిని పోనిచ్చింది నలుగురూ.

కొత్త గౌను:
అసలు పిల్లిని కాళ్ళ లెక్కన పంచుకోవడం చెల్లుతుందా? విడదీయలేని ఆస్తి కదా. ఉమ్మడి ఆస్తి అంటే నష్టం నలుగురికీ సమానం కావాలి. ఆ ఒప్పందమే చెల్లదంటే తీర్పుకు ఆధారమే పోతుంది.

సివిల్ సైడు:
అమ్మా, అప్పీలు మీరే వేయండి. వకాలతు నేను రాస్తాను.

పాత తగాదా:
ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. సమస్యాపూరణం మనవాళ్ళకు ఎందుకింత నచ్చుతుందో ఇప్పుడు చెప్పగలను. కక్షిదారు తెచ్చిన సంగతులు మనం మార్చలేం. ఎంత వింతగా ఉన్నా అవి ఆ నాలుగో పాదం లాంటివే. పై మూడు పాదాలే మన చేతిలో ఉంటాయి.

నోటరీ:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. పిల్లి అన్నది మనలో ఇంటిపేరు కూడా. ఆ ఇంటిపేరున్న లాయరును లా కాలేజీలో ఏడిపించినవాళ్ళను చూశాను. అందుకే ఇది రాశాను.

ఇంటిపేరు బట్టి యెవరు నవ్విననేమి
కేసుకట్ట చదివి గెలువ వచ్చి
వరుస చట్టమెల్ల వల్లించి జంకక
పిల్లి వాదమాడె పీఠమెదుట

పృచ్ఛకుడు:
ఈ పద్యం నన్ను కదిలించింది. మొదటి పాదంలో ఆ మనిషి పడిన బాధంతా ఉంది. "కేసుకట్ట" అసలైన మన మాట. ఆ తాడు విప్పినప్పుడు లేచే దుమ్ము కూడా గుర్తొస్తుంది. "గెలువ వచ్చి" దగ్గర మాత్రం "గెలవవచ్చు" అన్న ధ్వని అడ్డొస్తోంది. "గెలుపు గోరి" అంటే గణాలూ యతీ చెడకుండా సాఫీగా పోతుంది.

ఇంకో సంగతి. "ఆడె" అన్న క్రియ వల్లే ఇన్ని పూరణలకు చోటు దొరికింది. "ఆడాడు" అంటే మగవాడికే, "ఆడింది" అంటే ఆడమనిషికో జంతువుకో కట్టుబడిపోతుంది. "ఆడె" అన్నిటికీ చెల్లుతుంది. నోటరీ గారి పద్యంలో వాదించింది ఆయనా, ఆవిడా అన్నది పాఠకుడి ఇష్టం.

నోటరీ:
"గెలుపు గోరి" తీసుకున్నాను. వాదించింది ఆవిడేనండీ.

పృచ్ఛకుడు:
అయితే కొత్త సమస్య. 1893లో అమెరికా సుప్రీంకోర్టుకు నిక్స్ వర్సెస్ హెడెన్ అని ఒక కేసు వెళ్ళింది. 1883 నాటి టారిఫ్ చట్టం ప్రకారం దిగుమతి అయ్యే కూరగాయల మీద 10 శాతం సుంకం, పచ్చి పండ్ల మీద లేదు. టమాటా వృక్షశాస్త్రం ప్రకారం పండే. అయినా జనం దాన్ని భోజనంలో కూరగాయగానే వాడతారు కాబట్టి సుంకం కట్టాల్సిందేనని జడ్జీలంతా ఒక్కమాటగా తేల్చారు. కోర్టులో రెండు పక్షాలవాళ్ళూ నిఘంటువులు తెరిచి అర్థాలు చదివారట. ఆటవెలది నాలుగో పాదమే మళ్ళీ:

పండు పండు కాదు పన్నుకొరకు

టమాటా మీదే రాయాలని లేదు. కొత్త గౌను గారూ, ఈసారి మొదటి పూరణ మీదే.

కొత్త గౌను:
వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టానండీ.