పెద్ద రిసార్ట్‌లో స్కీయింగ్: సగం మంది కొత్తవాళ్లైతే?

ప్రశ్న: నలుగురం వెళ్తున్నాం. ఇద్దరికి బాగా వచ్చు, ఇద్దరికి అసలు రాదు. రోజంతా కలిసి తిరగగలమా? అద్దె బూట్లలో ఏం చూసుకోవాలి?

జవాబు 1: రోజంతా కుదరదండీ. కొత్తవాళ్లను పొద్దున క్లాసులో చేర్చండి. మధ్యాహ్నం ఫలానా లిఫ్ట్ (కొండపైకి తీసుకెళ్లేది) కింద, ఫలానా టైముకి కలుద్దాం అని ముందే అనుకోండి. చలికి ఫోన్ ఛార్జింగ్ ఇట్టే పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి.

జవాబు 2: పల్చటి పొడవు సాక్స్ ఒక్క జతే. రెండు వేస్తే బూటు బిగిసి, రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. నిటారుగా నిలబడితే వేళ్లు బూటు లోపల ముందు గోడకు తగలాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి జరగాలి. మడమ పైకి లేస్తోందా, సైజు పెద్దదే. షాపులో బరువు తగ్గించి చెప్పకండి (చాలామంది చెబుతారు!). బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచేది) ఎంత బలానికి ఊడాలో మీ బరువును బట్టే పెడతారు. బూటు అడుగున మంచు ఉంటే బైండింగ్ పట్టదు; గీకేసి, ముందు వేళ్ల వైపు దూర్చి, తర్వాత మడమ నొక్కండి.

జవాబు 3: స్కీ దారులు ఎంత కష్టమో చెప్పే రంగులతో జాగ్రత్త. ఉత్తర అమెరికాలో నీలం అంటే మధ్యస్థం, యూరప్‌లో తేలిక. పక్క లోయలోకి వెళ్లి చివరి లిఫ్ట్ తప్పితే అక్కడే ఇరుక్కుంటారు, అరగంట ముందే తిరుగుముఖం పట్టండి.