పొట్టిగా, కాస్త ఒళ్లుగా ఉన్నవాళ్లకి గళ్ల చీర నప్పుతుందా?

అడిగినవారు (రావులపాలెం):
నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. రెండో కాన్పు తర్వాత నడుం, పిరుదుల దగ్గర బాగా ఒళ్లొచ్చింది. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. మొన్న రాజమండ్రి తాడితోటలో పెద్ద గళ్లు, జానెడు అంచు ఉన్న పట్టు చీర తీసుకున్నాను. షాపులో పరిచి చూపిస్తే చాలా బాగుంది. ఇంటికొచ్చి చుట్టుకుని చూస్తే మా చిన్నాడు "అమ్మా, పరుపు చుట్టలా ఉన్నావ్" అన్నాడు. మార్చుకోవడానికి వారం గడువుంది. ఏం చూసుకుని తీసుకోవాలి? చారలైతే నిలువువే కట్టాలంటారు, నిజమేనా?

జవాబు (అమలాపురం, 20 ఏళ్లుగా కుట్టుపని):
ఫాల్ కుట్టించలేదు కదా అక్కా? అయితే ముందు దాన్ని మార్చేయండి.

చీరలో నిలువేదో అడ్డమేదో షాపులో పరుపు మీద చూస్తే తెలీదండి. అంచు వెంబడి పొడుగునా సాగే చార, కట్టుకున్నాక కాళ్ల చుట్టూ కడియంలా తిరుగుతుంది. అదే చార పమిట మీదకొచ్చేసరికి భుజం మీంచి ఏటవాలుగా కిందికి దిగుతుంది. ఈ అంచు నుంచి ఆ అంచుకి నేసిన చార దీనికి పూర్తిగా తిరగబడి: కుచ్చిళ్లలో నిలువు, పమిట మీద అడ్డం. అంటే ఏ చారల చీరైనా కొంత నిలువే, కొంత అడ్డమే. మీకు ఒళ్లు కింది భాగంలో ఉంది కాబట్టి రెండో రకం చూడండి, పమిట మాత్రం ప్లెయిన్‌గా ఉండాలి. ఛాతీ, భుజాలు నిండుగా ఉన్నవాళ్లకి మొదటి రకం. గళ్లలో రెండూ ఉంటాయి, తప్పించుకునే దారి లేదు. గడి సైజే చూసుకోవాలి.

పువ్వైనా గడైనా మీ గుప్పిట కన్నా పెద్దది వద్దు. అలాగని ఆవగింజంత చుక్కలూ వద్దు, వాటి పక్కన మనిషి ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

అసలు తప్పు అంచుది. చీర పన్నా దాదాపు 45 అంగుళాలు. పొట్టివాళ్లం పైన ఎక్కువ మడిచి దోపుకుంటాం, కింది అంచు మాత్రం తగ్గదు కదా! జానెడు అంచు పిక్క సగం దాకా ఎక్కేస్తుంది, ఇక కాళ్లెక్కడ కనిపిస్తాయి? రెండు, మూడు అంగుళాల అంచు చాలు.

జవాబు (కాకినాడ, రిటైరైన సైన్సు టీచర్):
నిలువు చారలు సన్నగా చూపిస్తాయన్నది అంత నమ్మదగ్గ మాట కాదమ్మా. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1867లోనే చెప్పాడు: ఒకే కొలత చతురస్రాలు రెండు గీసి, ఒకదాన్ని అడ్డగీతలతో, ఒకదాన్ని నిలువుగీతలతో నింపితే, అడ్డగీతలదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుంది. కాగితం మీద గీసి చూడండి.

జవాబు (అమలాపురం):
ఆయ్, గీసి చూశాను మాస్టారూ, నిజమే! కానీ కాగితానికి పొట్ట ఉండదు కదండీ. ఒంటి మీద అడ్డగీత ఎక్కడ ఒంపుంటే అక్కడ వంగి, ఆ ఒంపుని పట్టిచ్చేస్తుంది. లోపల కుచ్చుల లంగా ఉంటే మరీను. ఆరు ముక్కల లంగా వేసుకుంటే నడుం దగ్గర ఉబ్బు సగం పోతుంది.

జవాబు (పిఠాపురం):
పట్టే కావాలంటే ఉప్పాడ జామ్దానీ చూడండి వదినగారూ. తేలిగ్గా ఉంటుంది, ఒంటిని అంటుకుని జారుతుంది, బుటా (నేతలోనే వేసిన పువ్వు) వెనకవైపు కూడా శుభ్రంగా ఉంటుంది. వెనక్కి తిప్పితే వేలాడే దారాలో, కత్తిరించిన పోగులో కనిపిస్తే అది జామ్దానీ నేత కాదు. బుటాలు దూరం దూరంగా కాకుండా, కింద ఒత్తుగా, పైకి పోనుపోను పలచగా ఉన్నది అడగండి. ధర మాత్రం గుండె పట్టుకుని వినాలి.

బండారులంక నూలు చీరలు కూడా బాగుంటాయి గానీ కొత్తలో గంజికి గొడుగులా నిలబడతాయి. రెండుసార్లు ఉతికాకే ఫంక్షన్‌కి కట్టండి.

మధ్యలో ఒక సందేహం (భీమవరం):
నాకు పూర్తిగా ఉల్టా. 5 అడుగుల 8 అంగుళాలు, ఎండుపుల్లలా ఉంటాను. నేనేం కట్టాలి?

జవాబు (అమలాపురం):
ఆ రావులపాలెం అక్క తిరిగిచ్చే చీర నువ్వు తీసుకో అమ్మా, అచ్చంగా నీకోసమే నేశారు. పెద్దంచు, పెద్ద గళ్లు, ఎదురు రంగు జాకెట్టు, అన్నీ నీకు నప్పుతాయి.

అక్కా, మీరు మాత్రం జాకెట్టు చీర రంగులోనే కుట్టించుకోండి. ఎదురు రంగైతే మనిషిని మధ్యకి కోసేస్తుంది. బుటాల గుడ్డైతే కత్తెర పెట్టక ముందే టైలర్‌కి చెప్పండి, రెండు బుటాలు సరిగ్గా ఛాతీ మీద పడకుండా. నేనే ఒకసారి చూసుకోకుండా కత్తిరించి, గుడ్డకి డబ్బులు కట్టాను.

అడిగినవారు (రావులపాలెం):
మార్చుకున్నానండి. ముదురు ఆకుపచ్చ, రెండంగుళాల అంచు, చిన్న మామిడి పిందెలు. షాపులోనే భుజాన వేసుకుని, మా ఆయన్ని పది అడుగుల దూరంలో నిలబెట్టి ఫోటో తీయించాను. నాకు నాలుగొందలు రావాలి, డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నారు. దానికి అదే రంగు జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చాను.