నువ్వు పూత ఆకులుగా మారిపోతోంది, రెండుసార్లు మందు కొట్టినా తగ్గలేదు

కొత్తచేను:
నువ్వులు వేయడం నాకు ఇదే మొదటిసారి. విత్తి యాభై రెండు రోజులైంది. పది రోజుల కిందట కొన్ని మొక్కల కొసల్లో పూత రావలసిన చోట పచ్చని గుత్తులు కనిపించాయి. ఒక పువ్వును గోటితో విప్పి చూశాను. రేకులు ఆకుపచ్చగా, దళసరిగా ఉన్నాయి. కేసరాలు చిన్న ఆకుల్లా ఉన్నాయి. కాయ కట్టవలసిన చోటు నుంచి ఇంకో రెమ్మ బయలుదేరుతోంది! నిజం చెప్పాలంటే మొదట ముచ్చటపడ్డాను. మొక్క ఏపుగా ఉందని పక్క చేను ఆయనను పిలిచి మరీ చూపించాను. ఆయన ఏమీ అనలేదు, తల గోక్కుని వెళ్లిపోయారు.

బూజు తెగులేమో అనుకుని శిలీంద్రనాశిని రెండుసార్లు కొట్టాను. మార్పు లేదు. నిన్న లెక్కపెడితే వెయ్యి మొక్కల్లో డెబ్బై దాకా ఇలాగే ఉన్నాయి. ఇది విత్తనం లోపమా? ఏ మందు కొట్టాలి?

గట్టుమీద:
వెర్రి తెగులండీ అది. విత్తనాన్ని తిట్టకండి. ఆ మొక్కలు ఇక కాయవు, పీకేయండి. నేనూ ఒకసారి జాలిపడి వదిలేశాను, పంట చివరికి సగం చేను చీపురు కట్టల్లా నిలబడింది. మీ గట్టు మీద వయ్యారిభామ కలుపు ఉందా? వంగ తోట ఏదైనా దగ్గరలో ఉందా? ఈ తెగులు వాటి నుంచి కూడా రావచ్చు.

ఆకుపురాణం:
గట్టుమీద గారు చెప్పింది నిజం. మొక్కల తెగుళ్లు చదువుకున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

దీనికి కారణం ఫైటోప్లాస్మా. ఒక రకం బాక్టీరియానే, కానీ కణకవచం ఉండదు. మొక్కలో ఆహారం ప్రవహించే ఫ్లోయం నాళాల్లో బతుకుతుంది. 1967లో జపాన్ పరిశోధకులు తెగులు సోకిన మల్బరీని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసేదాకా ఇలాంటి తెగుళ్లన్నిటినీ వైరస్ ఖాతాలోనే వేసేవారు. శిలీంద్రం కాదు కాబట్టి మీ శిలీంద్రనాశినికి ఇక్కడ పనే లేదు. కణకవచం మీద పనిచేసే పెన్సిలిన్ వంటి మందులకూ లొంగదు. టెట్రాసైక్లిన్ లక్షణాలను కొంతకాలం అణచగలదు, ఆపేస్తే మళ్లీ మొదలు. పొలంలో కొట్టే మందు కాదది.

తమాషా ఏమిటంటే, ఈ పువ్వులు దారి తప్పి ఆకులవడం లేదు. ఆస్టర్ ఎల్లోస్ అనే మరో తెగులును కలిగించే ఫైటోప్లాస్మాలో ఎస్‌ఏపీ54 అనే ప్రోటీనును గుర్తించారు. పువ్వు భాగాలకు రూపమిచ్చే ప్రోటీన్లను మొక్క కణమే నాశనం చేసుకునేలా అది చేస్తుంది. ఆ ప్రోటీను పెట్టిన మొక్కల మీదికి, ఆకుల రసం పీల్చే దీపపు పురుగులు ఎక్కువగా చేరడం కూడా ప్రయోగాల్లో కనిపించింది. అంటే మీరు ముచ్చటపడ్డ ఆ మొక్క పురుగుకు వేసిన విస్తరి అన్నమాట.

ఆ పురుగే తెగులును మోసుకొస్తుంది. జబ్బు మొక్క రసం పీల్చిన దీపపు పురుగు వెంటనే అంటించలేదు. దాని ఒంట్లో ఫైటోప్లాస్మా పెరిగి లాలాజలంలోకి చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆపైన బతికినంతకాలం అంటిస్తూనే ఉంటుంది. మొక్కలో లక్షణాలు బయటపడటానికీ వారాలు కావాలి. మీరు ఇవాళ చూస్తున్న డెబ్బై మొక్కలకు తెగులు సోకింది బహుశా పూతకు ముందే. అందుకే ఇప్పుడు ఏం కొట్టినా వాటికి ఒరిగేదేమీ లేదు. మిగిలినవాటి సంగతే చూడాలి.

మొదట దీపపు పురుగుకు, మీ ప్రాంతంలో నువ్వు పంటకు అనుమతి ఉన్న మందు కొట్టి, మర్నాడు జబ్బు మొక్కలను పీకండి. ముందే పీకితే మొక్క కదలగానే పురుగులు ఎగిరి పక్క వరుస మీద వాలతాయి. పిచికారీ సాయంత్రమే చేయండి. నువ్వు పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, తేనెటీగలు ఉదయమే వస్తాయి.

కొత్తచేను:
ధన్యవాదాలండీ. మొన్న సాయంత్రం మందు కొట్టి నిన్న పీకాను. డెబ్బై అనుకున్నవి తొంభై మూడు తేలాయి, అందులో ఎక్కువ గట్టు వైపు నాలుగు వరుసల్లోనే. అక్కడ వయ్యారిభామ నడుము ఎత్తు ఉంది. గట్టుమీద గారికి చూడకుండానే ఎలా తెలిసిందో!

ఒక మొక్కను మాత్రం పీకలేక వదిలాను. కింద పదకొండు మంచి కాయలున్నాయి, పైన మాత్రమే గుబురు. దాని గింజ విత్తనానికి పనికివస్తుందా?

ఆకుపురాణం:
తెగులు ఆలస్యంగా సోకితే అలాగే కింద కాయలు, పైన గుబురు ఉంటాయి. అలాంటి కాయలు కొన్ని పగిలి, గింజలు లోపలే మొలకెత్తడం కూడా చూస్తాం. ఈ తెగులు ప్రధానంగా పురుగు ద్వారానే వస్తుంది, అయినా విత్తనానికి ఆరోగ్యమైన మొక్కల గింజే తీసుకోండి. పైన గుబురు ఉన్నంతకాలం ఆ మొక్క పురుగుకు భోజనమే. పదకొండు కాయల కోసం అంత రిస్కు ఎందుకండీ?

గట్టుమీద:
పీకండి బాబూ. గట్టు కూడా శుభ్రం చేయండి, వయ్యారిభామ పూత రాకముందే. వచ్చేసారి ఆ చేలో నువ్వు మళ్లీ వేయకుండా పంట మార్చండి.

కొత్తచేను:
పీకేశానండీ. తొంభై నాలుగు.